అందరం కలిసే నేర్చుకుందామన్న ఫోర్‌మన్

పూతలపట్టు నుంచి ఫోన్ వచ్చేటప్పటికి నేను కొట్లో గృహప్రవేశం కార్డు ఒకటి టైపు చేస్తున్నాను. "అక్కా, మా నాయన తెల్లారిజామున పోయినాడు. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టినాడు" అన్నాడు మా పాత ప్రెస్సు ఫోర్‌మన్ కొడుకు. "అట్లనా నాయనా" అన్నాను. ఫోన్ పెట్టేసి, కార్డు పూర్తి చేసి, ప్రింటు తీసి, దాని కోసం కూర్చుని ఉన్న పెద్దాయన చేతిలో పెట్టి పంపించాను. ఏడుపు రాలేదు. ఇదేం రాతిగుండె మనిషిరా అని మీకు అనిపించవచ్చు. మొత్తం చదవండి, ఆ తర్వాత అనుకోండి.

యూనియన్ వాళ్ళు ఆయన పేరు మీద చిన్న సంచిక వేస్తున్నారు. "ఆయన దగ్గర పని నేర్చుకున్నదానివి, రెండు పేజీలు రాయమ్మా, నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నారు. మంచి మాటలు నాలుగు కాదు, నలభై ఉన్నాయి నా దగ్గర. రాస్తాను. కానీ ఆయన మమ్మల్ని మోసం చేశాడు. ఆ సంగతి తెలిసి కూడా నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా వల్ల ఒక మనిషి బతుకు చెడింది. అది కూడా రాస్తాను. వేసుకుంటారో మానుకుంటారో వాళ్ళ ఇష్టం.

తొంభైల మొదట్లో సంగతి. బంగారుపాళ్యంలో మా నాయన మామిడి తోపులకు కాపలా ఉండేవాడు. నేను ఇంటర్ తప్పి, తిరుపతిలో మా పెద్దమ్మ ఇంట్లో చేరి, రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక ప్రెస్సులో పనికి కుదిరాను. అప్పటికింకా సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే కాలం. గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క పెట్టెను కేసు అంటారు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. గుణింతాలకు వేరే గళ్ళు, ఒత్తులకు వేరే గళ్ళు. మొదటిరోజు ఆ కేసు ముందు నిలబడితే నాకు కళ్ళు తిరిగాయి.

ఫోర్‌మన్ ఒక వరుస పేర్చి నా అరచేతిలో పెట్టాడు. "సదువు పాపా" అన్నాడు. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. నేను తల అటూ ఇటూ వంచి చూస్తుంటే పకపకా నవ్వాడు. "మెడ పట్టేస్తాది. తల తిప్పద్దు. పది దినాలు పోతే ఇదే నేరుగా కనపడతాది, గోడ మీద పోస్టరు సదివినట్టుగా ఉంటాది సూడు" అన్నాడు. నిజంగా అట్లాగే అయింది. నెల తిరిగేసరికి తువ్వాలుతో నా కళ్ళకు గంతలు కట్టాడు. "ణ ఒత్తు యాడుండాది? తీ. కొమ్ముతో మ యాడుండాది? తీ." తప్పు తీస్తే కోప్పడేవాడు కాదు. "పెట్టేసి మళ్ళా తీ" అనేవాడు, అంతే. ఎన్నిసార్లయినా అదే గొంతు. మా బళ్ళో అట్లాంటి సారు ఒక్కడున్నా నేను ఇంటర్ తప్పేదాన్ని కాదు.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పొట్టి చేతుల చొక్కా. రోజూ పూతలపట్టు నుంచి బస్సులో వచ్చేవాడు. యూనియన్‌కు కార్యదర్శి. ఎర్ర జెండా ఉపన్యాసాలు మాత్రం ప్రెస్సులో ఇచ్చేవాడు కాదు. ఆయన రాజకీయమంతా చిన్న చిన్న పనుల్లో కనపడేది. అన్నం ముందు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కోవాలి. కడుక్కున్నాక గోళ్ళు చూపించాలి. ప్రెస్సు ఓనరు గోళ్ళు కూడా చూసేవాడంటే మీరు నమ్మరు. "సీసం కడుపులోకి పోతే మెల్లిగా సంపుతాది. కనపడని సావుకు నష్టపరిహారం ఎవురిస్తారు? కడుక్కోండప్పా" అనేవాడు. సీసం పట్టుకునే మనిషికి రోజుకో అరటిపండు తినిపించాలని ఓనరుతో పోట్లాడి, ఒక పూట పని నిలిపేసి, చివరికి సాధించాడు. రోజూ నాలుగు గంటలకు మా అయిదుగురికీ తలా ఒక పండు వచ్చేది. ప్రపంచంలో కార్మికులు ఏమేం సాధించారో నాకు తెలియదు, మేము మాత్రం అరటిపండు సాధించాం. ఆ పండు తినేటప్పుడు మాకు ఎంత గొప్పగా ఉండేదో!

అయిదుగురిలో నాతో పాటు ఇంకో ఆడమనిషి మునెమ్మక్క. నాకంటే పదేళ్ళు పెద్దది. మొగుడు లారీల మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు, ఇద్దరు పిల్లలు. ప్రెస్సులో అందరికంటే చురుకైన చెయ్యి ఆమెదే. పెళ్ళికార్డు ఒకటి అరగంటలో పేర్చి పారేసేది. ఫోర్‌మన్ మాటంటే ఆమెకు రాతిమీద గీత. ఆయన చెప్పు వారు తెగితే, పేర్చిన అక్షరాలు చెదరకుండా చుట్టే దారం ఉంటుందే, ఆ దారంతో తనే కూర్చుని కుట్టి ఇచ్చింది. "నాకెందుకమ్మా ఈ మర్యాద" అని ఆయన సిగ్గుపడి చచ్చాడు.

అన్నాలయ్యాక ఒక గంట, అచ్చు అయిపోయిన అక్షరాలను విడగొట్టి మళ్ళీ దేని గడిలో దాన్ని వేసే పని ఉండేది. దానికి చేతులు చాలు, చెవులు ఖాళీ. అందుకని ఫోర్‌మన్ బోర్లించిన పెట్టె మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. ఆయన వాటా అక్షరాలు మేము నలుగురం పంచుకుని వేసేవాళ్ళం. అది మా ప్రెస్సు ఆచారం. చదువుతూ మధ్యలో తన మాట కలిపేవాడు. సెల్‌ఫోన్ గురించి మొదటిసారి విన్నది అక్కడే. "మాట్లాడేదానికీ దుడ్డంట, ఎదుటోడు మాట్లాడేది ఇనేదానికీ దుడ్డంట! ఇదేం న్యాయమప్పా?" అన్నాడు. మునెమ్మక్క చెయ్యి ఆపకుండానే, "అయితే మా అత్తకు ఆ ఫోను కొనీయద్దని చెప్పండి. ఆమె తిట్టే తిట్లు నేను దుడ్డిచ్చి ఇనాల్నా?" అంది. అందరం పడీ పడీ నవ్వాం. రష్యా ఎందుకు పడిపోయిందని నేను అడిగితే మాత్రం ఆయన పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు. "పైనుండేవోళ్ళు ఒగటి చెప్పి ఒగటి చేసినారు పాపా. కిందోళ్ళు నమ్మి నమ్మి అలిసిపోయినారు" అన్నాడు. ఆ మాట అన్న మనిషే... సరే, వస్తున్నాను అక్కడికే.

కంప్యూటర్ మీద ఆయనకు ద్వేషం లేదు. ఇది న్యాయంగా చెప్పాలి. "మిషను మన పగోడు కాదు. అది ఎవురి కోసరం తిరగతా ఉండాదో సూడాల" అనేవాడు. తొంభైల మధ్యకు వచ్చేసరికి తిరుపతిలో కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టి ఇచ్చే డీటీపీ సెంటరు వీధికొకటి పుట్టింది. ఒకరోజు మా ఓనరు, "నేను కూడా కంప్యూటర్ తెస్తా ఉండా. మీలో ఒగరు నేర్చుకుంటే చాలు" అని చెప్పి పోయాడు. ఆ ఒక్కరు ఎవరు? ఒక్కసారిగా అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నాకు సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఆ క్షణంలో మునెమ్మక్క కంటే నాకే ఇంగ్లీషు ఎక్కువ వచ్చని లెక్క వేసుకున్నాను.

ఫోర్‌మన్ అది కనిపెట్టినట్టున్నాడు. మరుసటిరోజు పేపరు చదవలేదు. "ఒగరు చాలంటే ఏంది? మనం మనం కొట్టుకోవాలనే కదా? నేర్చుకుంటే అందరం కలిసే నేర్చుకుందాం. ఆయన అందరికీ నేర్పీయాల. అంతదాకా మనలో ఏ ఒక్కరూ ఆ గది గడప తొక్కద్దు. ఒగరు ముందు పోతే మిగతా నలుగురి మొగాన తలుపు పడతాది" అన్నాడు. ఆ పూట అచ్చుకు బిగించి సిరా పూసి ఉన్న అక్షరాల ఫారం మీద అందరం అరచెయ్యి ఆనించి, ఒక ప్రూఫు కాగితం వెనక అచ్చు వేశాం. అయిదు అరచేతులు. మొదటిది ఆయనదే. ఆ కాగితాన్ని కేసు పైన గోడకు అంటించాడు.

తర్వాతి వారమే మా పెద్దమ్మ కొడుకు స్నేహితుడు ఒకడు సెంటరు తెరుస్తూ, నన్ను వచ్చి ఊరికే నేర్చుకోమన్నాడు, ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. నేను రానని చెప్పేశాను. పెద్దమ్మ నెత్తిన కొట్టుకుంది. "మాట ఇచ్చినాను పెద్దమ్మా" అన్నాను ఎంతో గర్వంగా. నా గర్వం మండిపోను!

నెలకల్లా ఒక ఆదివారం చిత్తూరులో మా చిన్నాన్న మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే పోయాను. బజారు వీధిలో నడుస్తుంటే ఒక మేడ మెట్ల కింద చెప్పుల వరుస. అప్పట్లో కంప్యూటర్ ఉన్న గదికి గుడికున్నంత మడి. చెప్పులు విడిచి పోవాలి, దుమ్ము పడకూడదు. ఊరికే చూసుకుంటూ పోతున్నదాన్ని ఆగిపోయాను. ఆ వరుసలో ఎడమ చెప్పు వారుకి తెల్లదారం కుట్టు. ఆ కుట్టు మునెమ్మక్క వేస్తుంటే పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. పొరపాటు పడే సమస్య లేదు.

మెట్లెక్కి అద్దంలోంచి చూశాను. ఫోర్‌మన్ ఒక కుర్చీ అంచున కూర్చుని ఒక్క వేలితో కీబోర్డు నొక్కుతున్నాడు. పక్కన నా వయసుదే ఒక అమ్మాయి నిలబడి ఏదో విసుక్కుంటోంది. ఆయన బడిపిల్లాడిలాగా తల ఊపుతున్నాడు. నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియలేదు. కిందికి దిగి ఆ చెప్పుల పక్కనే నిలబడ్డాను.

ఆయన దిగి వచ్చి నన్ను చూసి కొయ్యబారిపోయాడు. "పాపా... నువ్వు ఈడేం చేస్తా ఉండావు?"

"నువ్వేం చేస్తా ఉండావన్నా?"

చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పట్టాలో అంతకు మూడింతలు తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

"రెండు నెలలు. ఆదివారం ఆదివారం."

 మా చేతులు అచ్చు వేయించి నెలే అయింది. "అంటే ఆ కాగితం మీద చెయ్యి పెట్టేటప్పటికే నువ్వు నేర్చుకుంటా ఉండావా?"

తల వంచుకునే చెప్పాడు. "భయమేసింది పాపా. యాభై దాటినాను. మీ అందరితో పాటు కూసుంటే అందరికన్నా నేనే ఎనకబడతాను. మీకు నేర్పినోణ్ణి, మీ ముందర మొద్దు మాదిరి కూసోవాల్సొస్తాది. ముందుగా నేను నేర్చుకుంటే మీకు నేర్పీయొచ్చు కదా అనుకున్నాను."

"అయితే రేపు వచ్చి అందరికీ చెప్పు."

"చెప్తాను. నువ్వు మాత్రం చెప్పద్దు. నా నోటితో నన్నే చెప్పుకోనీ."

న్యాయంగానే ఉంది కదా ఆ మాట? నాకు అట్లాగే అనిపించింది. సరేనన్నాను.

సోమవారం వచ్చాడు. పేపరు చదివాడు. మంగళవారం చదివాడు. నేను ఆయన నోటివైపే చూస్తూ ఉండేదాన్ని. ఆయన కళ్ళు పేపరు మీంచి లేచేవి కావు. వారమైంది, రెండు వారాలైంది. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని నాలుగు గంటల పండు గొంతులో దిగేది కాదు.

అప్పుడే మునెమ్మక్క నన్ను ప్రెస్సు వెనక పంపు దగ్గరికి పిలిచింది. "మా చెల్లెలి మొగుడు నాయుడుపేట పక్క కొత్త కంపెనీలో ఉండాడు. ఆడోళ్ళను ప్యాకింగుకు తీసుకుంటా ఉండారంట. ఈ నెలాఖరుకు పోవాల, తరవాత తీసుకోరంట. ఏం చేసేది మే? పోయేదా, ఉండేదా?"

నేను అప్పుడే చెప్పి ఉండాలి. ఒక్క మాట. ఫోర్‌మన్ మనకంటే ముందే ఆ గడప తొక్కినాడక్కా, నువ్వు కూడా నీ దారి చూసుకో అని. చెప్పలేదు. "ఫోర్‌మన్ మాటిచ్చినాడు కదక్కా. ఉందాం" అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నాకూ అదే అనిపించింది మే. ఆయప్పను ఇడిసిపెట్టి పోతే మర్యాద కాదు" అని లోపలికి పోయింది. ఇప్పటికీ ఆ పంపు నీళ్ళ చప్పుడు నాకు వినిపిస్తుంది.

రెండు నెలలకు ఒక సోమవారం ఫోర్‌మన్ రాలేదు. మంగళవారం కూడా రాలేదు. చిత్తూరులో పెద్ద ఆఫ్‌సెట్ ప్రెస్సు ఒకటి కంప్యూటర్ మీద తెలుగు బాగా తెలిసినవాడు కావాలని ఆయన్ను తీసుకుందని నాకు తర్వాత తెలిసింది. ఆయన మాకు ఒక్క ముక్క చెప్పలేదు. అందరికీ నేర్పించాలని మేము పట్టిన పట్టు చూసి, ఈ గొడవ నాకెందుకని మా ఓనరు ప్రెస్సే మూసేశాడు. పాత సీసం కొనేవాళ్ళు వచ్చి అక్షరాలను గోనెసంచుల్లోకి దొర్లించుకుని పోయారు. మునెమ్మక్క నిలబడి చూసి, "పాపం ఫోర్‌మన్‌ను మననుంచి ఇడదీసేదానికే ఓనర్లు యాడికో పంపించినారు మే" అంది. నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆమె నాయుడుపేటకు పరుగెత్తింది, అక్కడ మనుషులను తీసుకోవడం అయిపోయింది. ఇప్పుడు చంద్రగిరిలో ఒక కళ్యాణ మండపంలో గిన్నెలు కడుగుతుంది. తిరుపతి మొత్తం మీద అంత చురుకైన చేతులు లేవు. ఆ చేతులు పదేళ్ళుగా సాంబారు అండాలు తోముతున్నాయి.

నేను తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, కిందా మీదా పడి, ఈ కొట్టు పెట్టుకున్నాను. రెండేళ్ళ కిందట ఒకరోజు ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. చిత్తూరు ప్రెస్సుకు పేజీలన్నీ ఇప్పుడు హైదరాబాదులోనే తయారై వస్తున్నాయని ఆయన్ను ఇంటికి పంపేశారట. చేతిలో కరపత్రం రాత ప్రతి ఉంది. కార్మికుల ఐక్యత గురించి. నేను తీసుకుని టైపు చేయడం మొదలుపెట్టాను. ఆయన వెనక నిలబడ్డాడు.

"ఆ రెండు వరసల నడమ రవ్వంత గాలి ఆడనీ పాపా" అన్నాడు. పెంచాను. పేజీ ఒక్కసారిగా అందంగా కనపడింది. ఆయన కన్ను అట్లాంటిది. "వేళ్ళు సూడకనే కొడతా ఉండావే!" అన్నాడు ముచ్చటపడిపోయి. "కండ్లకు గంతలు కట్టి నేర్పితివి కదన్నా" అన్నాను.  ఎంత కోపమున్నా, ఈ పది వేళ్ళు ఆయన చేసిపెట్టినవే. నేను తినే కూడు ఆయన పెట్టిందే. అది అబద్ధం చేయలేను.

కరపత్రం తీసుకుని పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మునెమ్మకు... చెప్పినావా?"

"లేదు."

"మంచి పని చేసినావు" అన్నాడు. ఆయన భుజాలు దిగడం నేను చూశాను, నెత్తి మీది మూట దించుకున్నట్టు.  నా జన్మలో నేను చేసిన చెడ్డపని అదొక్కటే, దాన్ని ఈయన మంచిపని అంటున్నాడు. వెళ్ళి ఆమె కాళ్ళమీద పడు అని అరవాలనిపించింది. అరవలేదు. ఆయన సందు మలుపు తిరిగి పోయాడు. అదే ఆఖరు చూపు.

పూతలపట్టుకు నేనూ మునెమ్మక్కా కలిసే పోయాం. ఆమెకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఫోర్‌మన్ మీద ఎర్ర జెండా కప్పారు. నాయకులు మాట్లాడారు. "ఇచ్చిన మాట తప్పని మనిషి" అన్నారు ఒకరు. అక్కడున్న వాళ్ళందరిలోకీ గుండెలు బాదుకుని ఏడ్చింది మునెమ్మక్కే. ఆయన కొడుకు వచ్చి ఆమెను పట్టుకోవలసి వచ్చింది. నేను ఒక మూల నిలబడి, మునెమ్మక్క దగ్గరే నాకు నోరు పెగలకపోతే ఇంకెవరి దగ్గర పెగులుతుంది అనుకున్నాను.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతోంది. "అంత మంచోడు ఇంగొగడు పుట్టడు మే. మన కోసరం ఆ కంప్యూటర్ గడప తొక్కకుండా ఉన్నాడే, బలవంతంగా పట్టుకపోయినారు గానీ" అంది ముక్కు చీదుకుంటూ.

చెప్పేశాను. చిత్తూరు, ఆదివారం, తను కుట్టిన చెప్పు, మేము చెయ్యి అచ్చు వేసేటప్పటికే ఆయన నేర్చుకుంటూ ఉండడం, అన్నీ. నాయుడుపేటకు పోయేదా అని పంపు దగ్గర తను అడిగినప్పుడు నాకు అంతా తెలుసని కూడా చెప్పాను.

 కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆయప్పకంటే భయం. వయసైపోయినోడు. నీకేం భయం మే?"

 

చంద్రగిరి ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఆమె లేచి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకు పోయి, "ఈడ నిలపప్పా" అంది డ్రైవర్‌తో. "ఈడేముందమ్మా, పొలాలు తప్ప" అన్నాడు. "ఫరవాలేదు, నిలుపు" అంది. దిగింది. నేను కిటికీలోంచి "అక్కా" అని పిలిచాను. ఆమె కొంగు నెత్తిన వేసుకుని, బస్సు కదిలేదాకా, మాకు వీపు పెట్టి, చెరకు తోట వైపు చూస్తూ నిలబడింది.